రాసినవారి పేరు

టిఫినుకు ఉగ్గాని చేద్దామని బొరుగులు నీళ్లలో వేసి, జవాబు వచ్చిందేమో ఒక్కసారి చూసి వద్దామని యామిని ల్యాప్‌టాప్ తెరిచింది. ఆమె పంపిన కోడ్ చూసి జర్మనీ నుంచి యోనాస్ జవాబు రాశాడు. పని బాగుందన్నాడు. దాని కింద ఇంకో మాట ఉంది.

"మార్పులు పంపింది మీ ఖాతా నుంచి. ప్రతి మార్పు మీదా రాసినవారి పేరు మాత్రం రాజశేఖర్ అని ఉంది. ఆయనెవరు? ఈ మధ్య సాయం చేస్తామని చేరి దొంగ కోడ్ పెట్టిపోయేవాళ్లు ఎక్కువయ్యారు. ఆయన తన ఖాతా నుంచి వచ్చి సంగతేమిటో రాసేదాకా దీన్ని మా టూల్‌లో కలపలేను."

రాజశేఖర్ ఆమె భర్త. ఆయన పాత ల్యాప్‌టాప్ మీదే ఆమె పని. మొదట్లో అది పేరు అడిగినప్పుడు, గ్యాస్ పుస్తకానికీ కరెంటు మీటరుకీ తన సిమ్ముకీ ఉన్నట్టే, ఆయన పేరే కొట్టారు. కొట్టింది ఆమే. అప్పుడు తప్పనిపించలేదు.

కూతురు హర్షిణి పుట్టాక ఆమె ఉద్యోగం మానేసింది. ఇప్పుడు బెంగళూరు కంపెనీ ఒకటి కర్నూలు ఇంటి నుంచే చేసే ఉద్యోగం ఇవ్వడానికి సిద్ధంగా ఉంది. కాకపోతే, ఇన్నేళ్ల ఖాళీ తర్వాత మీకు పని వచ్చని మాకెలా తెలుస్తుంది, చేసిందేదైనా చూపించండి అన్నారు. అందుకే ఆమె యోనాస్ వాళ్ల బిల్డ్ టూల్ పట్టుకుంది. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. అది ప్రోగ్రాం ముక్కల్లో ఏది ముందు, ఏది తర్వాత అని చూసుకుని అన్నిటినీ ఒక్కటిగా తయారుచేస్తుంది. నిమ్ అనే భాష మాత్రం దానికి రాదు. ఆ భాషను దానికి నేర్పింది యామిని. కంపెనీకి చూపించాల్సిన సోమవారం లోపల అది టూల్‌లో కలవాలి. అందులో తన పేరు కనపడాలి.

అత్త రామలక్ష్మమ్మ వంటింట్లోంచి గిన్నె పట్టుకొచ్చి తెర వంక తొంగిచూసింది.

"బొరుగులు అంబలి చేసినావు. ఎవురమ్మే వాడు, పొద్దున్నే?"

"నా పని తీసుకుంటారో లేదో చెప్పే ఆయన అత్తా."

"జీతమిస్తాడా?"

"ఇయ్యడు."

"మొగం సూడనోనికి ఊరికే చేస్తాండావు. వాడూ ఊరికే చేపిచ్చుకుంటాండాడు. దీంట్లో ఏందో ఉండాది."

"ఆయనా అదే అంటాండాడు. ఊరికే ఎందుకు చేస్తాండావు, ఏందో ఉండాది అని."

రామలక్ష్మమ్మ గిన్నె కింద పెట్టింది. "అట్లయితే తెలివైనోడే" అంది.

రాజశేఖర్ హైదరాబాదు కంపెనీ పని ముందు గదిలో కూర్చుని చేస్తాడు. యామిని టిఫిను పెడుతూ విషయం చెప్పింది. "ఇది నా భార్య చేసింది, నేను కాదు అని ఒక్క మాట రాయండి, చాలు."

"రాస్తాలే" అని ఆయన ఫోన్ బోర్లా పెట్టాడు.

మధ్యాహ్నం అడిగితే మీటింగ్ ఉందన్నాడు. టీ ఇచ్చి మళ్లీ అడిగింది.

"అంత తొందరేముంది? ఎవురి పేరుంటే ఏం, ఒకటే ఇల్లు గదా?"

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. నెలల తరబడి ఏం చేస్తున్నావని అడగని మనిషి, పోయిన వారం కుర్చీ వెనక వచ్చి నిలబడ్డాడు. ఇదెట్ల చేసినావు, అదెందుకు పెట్టినావు అని అడిగాడు. ఆమె సంబరంగా అన్నీ విప్పి చెప్పింది. అన్నిటికీ ఊఁ కొట్టాడు. ఆ ఊఁ ఇప్పుడు వేరేగా వినపడుతోంది.

సాయంత్రం ఆయన ఫోన్ తీసుకుని ముందు గది తలుపు వేసుకున్నాడు. ఈ ఎండల్లో ఆ తలుపు ఎప్పుడూ వేయడు. యామిని ఆరిన బట్టలు చేతిలో పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. లోపల ఆయన తన మేనేజరుకు ఇంగ్లీషులో చెబుతున్నాడు. నిమ్ ఫైలు ముందు సి భాషలోకి మారుతుందని, ఎవరూ దిద్దని ఫైలును టూల్ మళ్లీ ముట్టుకోకుండా ఆపడమే కష్టమైందని. ఆమె చెప్పిన మాటలే, ఆమె చెప్పిన వరుసలోనే. ఆమె ఆగిన చోటనే ఆగుతున్నాడు కూడా.

"ఏందమ్మే, తలుపు కాడ?" అంది అత్త.

"ఏం లేదత్తా."

ఆయన తలుపు తీసేదాకా ఆమె కదల్లేదు.

"మీ మేనేజరుకు ఏం చెప్పినారు?"

"ఏం చెప్పినా?"

"నేను విన్నా."

రాజశేఖర్ కుర్చీలో కూర్చున్నాడు. "మా టీములో మనుషుల్ని తీసేస్తాండారు. బయట ఏమన్నా చేసినావా అని మేనేజరు అడిగినాడు. పేరు నాదే ఉండాది గదా, నోట్లోంచి వచ్చేసింది."

"నోట్లోంచి రాలేదు. పోయిన వారం నా దగ్గర నేర్చుకుని పోయినారు."

"నా ఉద్యోగం పోతే ఇల్లెట్ల జరుగుతుంది?"

"నాకొస్తే జరగదా?"

రామలక్ష్మమ్మ కోడలి చేతిలోని బట్టలు తీసుకుంది. "శేఖరా, పగలంతా ఈ పిల్లే దాని ముందర కూచుంటాది. నేను కనిపెట్టే ఉండా. నువ్వెప్పుడు చేసినావప్పా?"

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

యామిని ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన తన ఖాతా తెరిచి, మేమిద్దరం కలిసి చేశామని కొట్టాడు.

"కలిసి కాదు" అందామె.

చెరిపేశాడు. ఇది నా భార్య యామిని రాసింది, ల్యాప్‌టాప్ నాది గనుక నా పేరు పడింది, ఇందులో నేను ఒక్క అక్షరమూ రాయలేదు అని కొట్టాడు. యామిని ఆసాంతం చదివి, పంపే బటన్ తనే నొక్కింది. తర్వాత ప్రతి మార్పు మీదా పేరు మార్చి మళ్లీ పంపింది.

యోనాస్ అంతటితో వదల్లేదు. ఆ రెండో ఖాతా మీరే నడపడం లేదని నాకేం తెలుసు అంటూ, కోడ్ మధ్యలోంచి ఒక చోటు చూపించి, ఇదిలా ఎందుకు చేశారని అడిగాడు. ఆమె అక్కడికక్కడే జవాబు రాసింది. రాత్రి భోజనాల వేళకు ఆయన దాన్ని టూల్‌లో కలిపేశాడు.

"కలిపినాడా?" గుమ్మంలోంచి అడిగాడు రాజశేఖర్.

"కలిపినాడు. మీ మేనేజరుకు మీరే చెప్పుకోండి."

ఆయన అక్కడే నిలబడ్డాడు. ఆమె వేళ్ల వంక చూశాడు. "ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ మారుస్తాండావా?"

"ఊఁ."

"నాకెప్పుడన్నా కావాల్సొస్తే?"

"పిలవండి. వచ్చి తెరుస్తా."