రాత్రి పప్పు

పుల్లటి వాసన కొడుతున్న రాత్రి పప్పును సామేలు పారబోయబోయాడు. మేనేజరు ప్రకాశ్ పప్పున్న ఆ గంజు లాక్కుని, సామేలు చెంప మీద కొట్టాడు. మా బండి అప్పుడే కోరుట్ల స్టేషన్ దాటింది. రైలు వంట పెట్టెలో ఉన్న అందరం చూశాం. చూసి, ఎవరి ఉల్లిగడ్డలు వాళ్లం కోసుకుంటూ ఉండిపోయాం.

ముందు మా పటేలు సంగతి చెప్పాలి. జగిత్యాల జలపతి తీర్థయాత్ర రైళ్లలో భోజనాల కాంట్రాక్టరు. దేవుడి పేరు చెప్పి పాచికూడు అమ్ముకునే భక్తుడు. కొండగట్టుకు నడిచిపోయినట్టు ఫొటో దిగి, దాన్ని వంట పెట్టెలో మా నెత్తి మీదే తగిలించాడు. ప్రకాశ్ ఆయన అక్క కొడుకు. పని రాకపోయినా చుట్టరికం ఉంది కాబట్టి మేనేజరయ్యాడు. మేం వండింది ఏనాడూ నోట్లో పెట్టడు. స్టేషన్ బయట నుంచి బిర్యానీ పొట్లం తెప్పించుకుంటాడు.

ముందురోజు రాత్రి ఒక యాత్ర దిగింది, పొద్దున ఇంకో యాత్ర ఎక్కింది. ఎండాకాలం. ఇనుప పెట్టెలో తెల్లవార్లూ ఉన్న పప్పు పులిసిపోయింది. అందులో ఇంత చింతపండు, ఇంత కారం పోసి మధ్యాహ్నానికి సాంబారు చేయమని ప్రకాశ్ హుకుం. జనానికి జబ్బు చేస్తే అది వంటవాడి తప్పు. లాభం వస్తే మామ తెలివి.

పారబోయబోయిన పాపానికి సామేలును జగిత్యాలలో దిగిపొమ్మన్నాడు. మళ్లీ ఏ బండీ ఎక్కనివ్వనన్నాడు. సామేలుది బోయినపల్లి. తాతల నాటి నుంచి గుంట భూమి లేని ఇల్లు. ఈ గంటె తప్ప ఆ ఇంటికి ఇంకో ఆధారం లేదు.

ప్రకాశ్ ఏసీ పెట్టెకు పోగానే మాలో మాకు వాదులాట మొదలైంది. చపాతీలు చేసే సుమలత, అందరం పని ఆపేద్దామంది. పెద్ద వంటవాడు మైసయ్య వద్దన్నాడు. దెబ్బ తిన్నది ఒక్కడు, ఒక్కడి కోసం అందరి కడుపులు కాల్చుకుంటామా అన్నాడు. వడ్డించే పిల్లగాళ్లు వంట గొడవ తమది కాదని తప్పుకున్నారు. జలపతికి వచ్చిన విద్య అదొక్కటే. వాళ్లకు ఇస్త్రీ చొక్కాలిచ్చి, వాళ్లదో జాతి, మాదో జాతి అనిపించాడు.

లొల్లి వినబడి ప్రకాశ్ మళ్లీ వచ్చాడు. ఫోన్ మా మొహాల ముందు పెట్టి స్పీకర్ నొక్కాడు.

"ఏందిరా మీ నకరాలు?" అన్నాడు అవతల నుంచి జలపతి. "ఇండ్లల్ల సద్ది తిని పెరిగినోళ్లు. రాత్రి పప్పు ఖరాబైనట్టు మీకెట్ల తెలిసిందిరా?"

మైసయ్య చేతులు తుడుచుకుని ఫోన్ దగ్గరికొచ్చాడు. ఇంతసేపూ వద్దు వద్దన్న మనిషి.

"సద్ది తిన్నం పటేలా. మా కడుపుకు మేం తిన్నం. గని మా గుడిశెకు ఎవలన్న అస్తె, పక్కింట్ల బియ్యం అడుక్కచ్చయినా ఉడుకుడుకు వండిపెట్టినం. ఒకలకు సద్ది పెట్టుడు మా ఇండ్లల్ల లేదు."

ఆ మాటతో తన పొయ్యి కట్టేశాడు. సుమలత తనది కట్టేసింది. వరసగా అన్నీ ఆరిపోయాయి. సమ్మె ఎక్కడ పుడుతుందని కాలేజీ పిల్లలు నన్ను అడుగుతుంటారు. పుస్తకాల్లో వెతకండి, తప్పు లేదు. మాది మాత్రం పులిసిన గంజు దగ్గర పుట్టింది.

సామేలు బండిలోనే ఉండాలి, వంట కొత్తగా చేయాలి. లేదా ఆ పప్పు యాత్రికుల ముందు ప్రకాశ్ తినాలి. ఇంతే మేం అడిగింది. జగిత్యాలలో బండి ఆగగానే గంజును ప్లాట్‌ఫాం మీదికి దించాం. గంజు రెండో చెవి పట్టింది వడ్డించే కుమార్. ఇస్త్రీ చొక్కా మీద పప్పు ఒలికినా వదల్లేదు.

మా బండి ఎక్కడానికి సిరిసిల్ల నుంచి బస్సుల్లో వచ్చిన యాత్రికులు అక్కడ నిలబడి ఉన్నారు. జలపతి కూడా ఉన్నాడు, పక్కన రైల్వే పోలీసు. మైసయ్య పళ్లెంలో పప్పు పోసి జలపతి ముందు పట్టాడు.

జలపతి ఒకడుగు వెనక్కి వేశాడు. "ఇయ్యాల నాకు ఒక్కపొద్దు, ఏం ముట్ట."

పళ్లెం ప్రకాశ్ వైపు తిరిగింది. కోరుట్లలో కోడికాలు చీకిన నోటితో వాడూ ఒక్కపొద్దే అన్నాడు. జనం పకపకా నవ్వారు. అంతటి భక్తి కుటుంబాన్ని వాళ్లెన్నడూ చూసి ఉండరు. పోలీసుకు ఏ ఒక్కపొద్దూ లేదు గాని, ఆయన కూడా రుచి చూడలేదు. మైసయ్యనూ సామేలునూ రెక్కలు పట్టుకున్నాడు.

జలపతికి అంతలోనే ధైర్యం వచ్చింది. తన ఫంక్షన్ హాల్లో వండే ఆడవాళ్లను ముందే వ్యానెక్కించి తెచ్చాడు. ఎక్కండి, పొయ్యి అంటించండి అని అదిలించాడు. వాళ్ల పెద్ద నర్సవ్వ పెట్టె మెట్టు మీద కాలు పెట్టి, మా గంజు వైపు చూసి ఆగింది. వచ్చి మూత తీసి వాసన చూసింది.

"గీళ్లనెందుకు పట్టుకపోతున్నరు సారూ?"

"పొయ్యిలు బంద్ పెట్టించిన్రు" అన్నాడు పోలీసు.

నర్సవ్వ మూత పెట్టేసింది. కొంగు నడుముకు చెక్కి, ఆ గంజు పక్కనే కింద కూర్చుంది.

"అయితె నన్ను గూడ తీస్కపో. నేను పొయ్యి అంటియ్య."

వెనక వచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆమె పక్కన కూర్చున్నారు. తర్వాత మేం, తర్వాత వడ్డన పిల్లగాళ్లు. ఇద్దరి కోసం జీపు తెచ్చిన పోలీసు, వాళ్ల రెక్కలు వదిలి, ఫోన్లో ఇంకో బండి అడగసాగాడు. ఆయన మాట పూర్తయ్యేసరికి సిరిసిల్ల యాత్రికులు కూడా సంచులు కింద పెట్టి కూర్చుంటున్నారు.