రుసుము సున్నా

మా నాన్న పెరట్లోకి వెళ్ళగానే ఆయన తాగిన గ్లాసు తీసి వాసన చూసేదాన్ని. ఎండు మందారపూల పానకం వాసన తప్ప మరేదీ వచ్చేది కాదు. దానితో నాకు నెమ్మది కలగలేదు. ఆధారం దొరకనంత మాత్రాన అనుమానం తగ్గదు. దాచినచోటు ఇంకా లోతుగా ఉందని అనుకుంటుంది, అంతే.

నాన్న పేరు సెలెడోనియో. ఒకప్పుడు బాగా తాగేవాడు. గ్వాదలూపే మాత పటం ముందు ఒట్టు పెట్టి మానేశాడు, మళ్ళీ ముట్టినట్టు ఎవరూ చెప్పలేదు. కానీ ఈ స్ట్రాబెర్రీ కోతలు మొదలైనప్పటి నుంచి ఆయనలో ఏదో తేడా ఉంది. గుమ్మం దగ్గర తూలేవాడు. కాఫీ పోస్తే కప్పు పక్కన పడేది. ఎన్నో ఏళ్ళుగా కత్తికొనతో నాగజెముడు ఆకుల ముళ్ళు తీసిన మనిషి వండిన కూర తింటుంటే ఒక రోజు ముల్లు నా నాలుకకు గుచ్చుకుంది. ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాను. ఆయన దానివైపు చూడను కూడా లేదు.

నేను పొలానికి వెళ్ళినప్పుడు నా కూతురు సిట్లాలి ఆయన దగ్గరే ఉండేది. దానికి నాలుగేళ్ళు. దాని తండ్రి ఎవరో దాని కాగితాల్లో లేదు, మా మాటల్లోనూ లేదు. అది మా నాన్నను నాలాగే ‘అపా’ అని పిలుస్తుంది. నన్ను ఆయనలాగే ‘ఎరే’ అంటుంది. నా పూర్తి పేరు ఎరెందిరా.

సరిహద్దు దాటి వచ్చి మేముంటున్న వాట్సన్‌విల్‌లో కూరగాయలు గడ్డకట్టించే ఫ్యాక్టరీలో నాకు ఏడాది పొడుగునా పని ఇస్తామన్నారు. వచ్చే సోమవారం చేరాలి. చేరాలంటే సిట్లాలిని రోజంతా చూసుకునే చోటు కావాలి. మా వీధి చివర ప్రభుత్వ డబ్బుతో నడిచే పిల్లల బడి ఉంది. అక్కడ చోటు దొరికితే ఫ్యాక్టరీ, దొరకకపోతే మళ్ళీ నేలమీద వంగి పళ్ళు ఏరడం. పిల్లను ఇంట్లోనే ఉంచి ఫ్యాక్టరీలో చేరవచ్చు కదా అని ఎవరైనా అడిగి ఉంటే వాళ్ళకు ఆ ముల్లు సంగతి చెప్పి ఉండేదాన్ని. ఎవరూ అడగలేదు.

బడి ఆఫీసులో ఉండేది మిస్ సిల్వేరా. ఆమె తాతలు ఏదో ద్వీపం నుంచి వచ్చిన పోర్చుగీసువాళ్ళు. మా భాష పుస్తకాల్లో నేర్చుకుంది కాబట్టి ప్రతి మాటా ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. నేను దరఖాస్తు పెట్టిన రోజున ఓపికగా వివరించింది.

“మీ ఆదాయమెంత, మీ కుటుంబంలో ఎంతమంది, ఈ రెండే చూస్తాం. రెండూ కలిసేచోట పట్టికలో మీరు కట్టవలసిన రుసుము ఉంటుంది. ఒక గీతకు కింద ఉన్నవాళ్ళకు రుసుము లేదు. మీరు, పాప, ఇద్దరు. మీ కూలీ ఇంత. మీ రుసుము సున్నా.”

“చోటు?”

“తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళను ముందు పిలుస్తాం. మీరు వరసలో ముందే ఉన్నారు. ఈ వారంలో ఫోన్ చేస్తాను.”

ఫోన్ రాలేదు. వారం దాటింది.

లాండ్రీలో పక్కింటి దోన్యా ఒఫేలియా కనిపించింది. ఆమె మనవడు పోయినేడాది నుంచి ఆ బడికి వెళ్తున్నాడు. అల్లుడికి లారీ ఉంది, అందుకని వాళ్ళు నెలనెలా రుసుము కడతారు. ఆ సంగతి ఆవిడ దుప్పట్లు మడతపెట్టేటప్పుడు కూడా చెబుతుంది.

“ఇంకా పిలవలేదా? అయ్యో. మాకైతే వెంటనే పిలిచారమ్మా. కడుతున్నాం కదా మరి. మీకేం, ఊరికే!” అంది.

“ఊరికే అని మీతో ఎవరు చెప్పారు?”

“ఎవరు చెప్పాలే? నేనే మీ నాన్నతో అన్నాను, అదృష్టవంతులని. మొహం మాడ్చుకున్నాడు. మర్నాడు తెల్లటోపీ పెట్టుకుని పెళ్ళికొడుకులా ఆ ఆఫీసులోకి వెళ్ళాడు. ఏం, నీకు చెప్పలేదా? ఏం దాచుకుంటున్నారే మీరిద్దరూ?”

అంతవరకు నేను ఆవిడనే అనుమానించాను, నా మీద ఏదో చెప్పి ఉంటుందని. ఇంటికి నడుస్తూ అనుమానాన్ని ఆవిడ మీదినుంచి తీసి నాన్న మీద పెట్టాను. దాని బరువు ఏమీ తగ్గలేదు.

నాన్న పెరట్లో పంజరం అల్లుతున్నాడు. పిట్టల పంజరాలు అల్లి ఆదివారం సంతలో అమ్మేవాడు. ఈ మధ్య ఒక్కటీ పూర్తి కాలేదు.

“అపా, మీరు బడి ఆఫీసుకి ఎందుకెళ్ళారు?”

“రుసుము కట్టడానికి.”

“మనకి రుసుము లేదు.”

“అదే అడగడానికెళ్ళా. ఎందుకు లేదు? ఊరికే పెట్టేది ఎలకల బోనులో రొట్టెముక్క ఒక్కటే.”

“అది చట్టం, అపా. బోను కాదు.”

“మా నాన్నకీ చట్టమనే చెప్పారు. ఇక్కడ పొలాల్లో చేసినన్నాళ్ళూ కూలీలో పదోవంతు కోసి, సరిహద్దు అవతల మన ఊరెళ్ళాక తీసుకో అన్నారు. వేలిముద్ర వేయించుకున్నారు. ఊళ్ళో ఎదురుచూస్తూనే పోయాడు. వాళ్ళు తీసుకునేటప్పుడు చెప్పరు తల్లీ, ఇచ్చేటప్పుడే చెబుతారు. ఇవాళ పిల్లకి పాలూ పండూ ఊరికే పెడతారు. పద్దెనిమిదేళ్ళు రాగానే సైన్యం యూనిఫాం పట్టుకుని గుమ్మంలో నిలబడతారు, తిన్నది కక్కమని.”

“అలా అని ఎవరన్నారు?”

“అందరూ అంటారు.”

“సరే. ఆఫీసులో ఏం జరిగింది?”

ఆయన తీగ వంచడం ఆపాడు. “ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. పిల్లకి మీరేమవుతారంది. అపా అన్నాను. బాధ్యత ఎవరిదంది. నాది కాకపోతే మేయరుగారిదా అన్నాను. ఎంత సంపాదిస్తారంది.”

“ఎంతని చెప్పారు?”

“మేస్త్రీ జీతం చెప్పాను.”

“మేస్త్రీ జీతమా! మీరెప్పుడు మేస్త్రీ అయ్యారు?”

“అయ్యేవాణ్ణే. ఆ సోనోరా రాష్ట్రంవాడు అడ్డం పడ్డాడు గానీ.” మళ్ళీ తీగ వంచుతూ అన్నాడు: “రుజువులు తెమ్మంది. తెస్తానన్నాను.”

మా వీధిలో ఆదాయం తగ్గించి చెప్పేవాళ్ళున్నారు. పెంచి చెప్పినవాడు ఈయనొక్కడే. ఆ రుజువుల కోసం మా దరఖాస్తు ఆగిపోయింది, మా తర్వాతివాళ్ళు ముందుకు జరిగారు. కారణం తెలిసినా నా మనసు అక్కడితో ఆగలేదు. పిల్లకు చోటు రాకూడదనే ఆయన ఇలా చేశాడేమో. పిల్ల పక్కనుంటే తనను ఎవరూ శంకించరనేమో. నా ఆలోచన మళ్ళీ గ్లాసు దగ్గరకే వచ్చింది.

మర్నాడు ముగ్గురం ఆఫీసుకు వెళ్ళాం. నాన్న మళ్ళీ తెల్లటోపీ పెట్టుకున్నాడు. మిస్ సిల్వేరా మమ్మల్ని కూర్చోమంది గాని, నవ్వలేదు.

“మొదట మీరు కుటుంబంలో ఇద్దరమే అన్నారు,” అంది నాతో. “తరువాత ఈయన వచ్చి తానూ ఉన్నానన్నారు, జీతం కూడా చెప్పారు. ఇప్పుడేమంటారు?”

“ఉన్నారు. కానీ ఈయన మా నాన్న. ఆ జీతం లేదు.”

“తల్లి ఒక్కతే అని చెబితే ఇంట్లో ఉన్న మగమనిషి ఆదాయం లెక్కలోకి రాదని కొందరికి తెలుసు,” అందామె మెల్లగా. “మిమ్మల్ని అనడం లేదు. అడగడం నా పని.”

నాన్నకు కోపం వచ్చింది. జేబులోంచి గుర్తింపు కార్డు తీసి బల్లమీద కొట్టినట్టు పెట్టాడు. “చూడమ్మా. దాని ఇంటిపేరు ఉయిపే. నాదీ ఉయిపే. పిల్లదీ ఉయిపే. ఇంకా ఏం రుజువు కావాలి?”

“నేనూ అదే అంటున్నానండీ. ఇంటిపేరు ఒకటే.”

ఇద్దరూ ఒకే మాట అన్నారు, ఇద్దరూ గెలిచినట్టు కూర్చున్నారు. ఆమె ఏం అనుకుంటోందో నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. మాలో ఆడది తండ్రి ఇంటిపేరుతో పుట్టి దానితోనే పోతుంది. మొగుడు వస్తాడు, పోతాడు, పేరు కదలదు. ఇంటిపేరు ఒకటే అంటే తండ్రీకూతుళ్ళు, లేదా అన్నాచెల్లెళ్ళు. మిస్ సిల్వేరా వాళ్ళలో పెళ్ళయిన ఆడదానికి మొగుడి ఇంటిపేరు వస్తుంది. నాన్న చూపించిన రుజువు ఆమెకు పెళ్ళి రుజువు.

“నేనా? ఈయన్నా?” అన్నాను. “అమ్మా, ఈయన గురక ఎప్పుడైనా విన్నారా మీరు?”

నాన్నకు అప్పుడు అర్థమైంది. “నా వయసు చూడవే పిల్లా!”

“వయసు మేం అడగమండీ.”

“విన్నావా, ఎరే? నన్ను పొగుడుతోంది.”

ఆమె పెదవి కొంచెం కదిలింది, కానీ కళ్ళు కదల్లేదు. వంగి సిట్లాలిని అడిగింది: “బంగారూ, ఈయన ఎవరు?”

“అపా.”

“మరి ఈమె?”

“ఎరే.”

నేను ‘అపా, మీరైనా చెప్పండి’ అనబోయి ఆగిపోయాను. మొగుణ్ణి కూడా ‘అపా’ అని పిలిచే ఆడవాళ్ళు మాలో ఉన్నారు. ఏ మాట అన్నా అది అవతలి వైపే పడేలా ఉంది. చివరికి అంతా మొదటినుంచీ చెప్పాను. ఇంటిపేర్ల సంగతి, పిలుపుల సంగతి, మేస్త్రీ జీతం సంగతి, రుసుము లేకపోవడం చూసి ఆయన పడిన భయం. ఆమె మధ్యలో ఆపకుండా విన్నది.

“తండ్రే అనుకుందాం,” అంది చివరికి. “అయినా నా ప్రశ్న మారదు. ఆయన ఎవరన్నది కాదు. పిల్లతో కలిసి ఉంటూ, దాని బాధ్యత మోసే పెద్దమనిషి ఎవరైనా మా లెక్కలో తల్లిదండ్రుల కిందికే వస్తారు. బాధ్యత తనదని ఈయన నాతో స్వయంగా అన్నారు. అలాగైతే కుటుంబం ముగ్గురు, ఈయన నిజమైన ఆదాయం కలుస్తుంది.”

“నిజమైనది ఏమీ లేదు. మంచిదే కదా?”

“ఆదాయానికి మంచిదే. కానీ బాధ్యుడైన మనిషి పగలంతా ఇంట్లోనే ఉంటే, పాపకు రోజంతా చోటు అవసరమని నేనెలా రాయను?” ఆమె ఒక కాగితం ముందుకు జరిపింది. “మామూలుగా తాతలు ఇది సంతకం చేస్తారు. అప్పుడు మీరు మళ్ళీ ఇద్దరే. రుసుము సున్నా. మీ వంతు వచ్చింది కాబట్టి సోమవారం పాపను తీసుకురావచ్చు.”

“ఏముంది అందులో?” అన్నాడు నాన్న.

ఆమె చదివింది: “ఈ బిడ్డ సంరక్షణ, సంక్షేమముల బాధ్యత నాది కాదు.”

నాన్న నావైపు తిరిగాడు. “చూశావా, ఊరికే అన్నారు.”

“కాగితం కోసమే, అపా.”

“మా నాన్న వేసింది కూడా కాగితం కోసమే.”

ఆయన సంతకం చేయాలని నేను కోరుకున్నాను. బలంగా కోరుకున్నాను. అది పిల్ల కోసమా, ఫ్యాక్టరీ కోసమా, లేక ఆయన చేతిలోంచి పిల్లను తీసేసుకోవడానికి ఒక మర్యాదైన దారి దొరికిందనా? ఎదుటివాళ్ళందర్నీ అడిగిన ప్రశ్నే ఇప్పుడు నా వైపు తిరిగింది, నా దగ్గర కూడా రుజువు లేదు. కలం తీసి ఆయన ముందు పెట్టాను.

ఆయన కలం ముట్టుకోలేదు. “ఇంకో దారి లేదా అమ్మా?” అని ఆమెను అడిగాడు.

“ఒకటుంది. బాధ్యుడే, కానీ ఒంట్లో బాగోక పిల్లను చూసుకోలేడని డాక్టరు రాసిస్తే చోటు ఇవ్వవచ్చు. మీరు ఆరోగ్యంగానే కనిపిస్తున్నారు.”

నాన్న టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

“బాధ్యత నాది,” అన్నాడు. “చేతకాదు. రెండూ రాసుకో.”

“ఏం చేతకాదండీ?”

ఆయన ఆమెతోనే మాట్లాడాడు, నావైపు తిరగలేదు. “ఎడమకన్ను పోయింది. షుగరు. కుడిది కూడా అంచులు తినేస్తోంది. ఆమధ్య రోడ్డు దాటుతుంటే పిల్ల చెయ్యి వదిలించుకుంది. ఎటు పోయిందో నాకు కనపడలేదు. అదే నవ్వింది కాబట్టి దొరికింది.”

“ఎప్పటి నుంచి?”

“కోతలు మొదలైనప్పటి నుంచి. దీనికి చెప్పలేదు. చెబితే పిల్లని నా దగ్గర వదలదు. వదలకపోతే ఇది పనికెలా వెళ్తుంది? అందుకే బడిలో చోటు రావాలనే నేనూ అనుకున్నా. చూడలేకపోయినా డబ్బు కడితే నేనే చూసినట్టుంటుంది గదా అని…”

కూరలోని ముల్లు, కప్పు పక్కన పడిన కాఫీ, గుమ్మం దగ్గర తూలడం. అన్నీ నేను చూసినవే. వాటికి నేను తాగుడని తప్పు పేరు పెట్టాను. పోతున్న కంటిచూపును నేను సాక్ష్యంగా వాడుకున్నాను.

మిస్ సిల్వేరా చాలాసేపు టైపు చేసింది. “శుక్రవారంలోగా డాక్టరు ఉత్తరం తీసుకురండి. వస్తే సోమవారం పాప రావచ్చు. కుటుంబం ముగ్గురు. ఈయన ఆదాయం లేదు. రుసుము…”

“తెలుసు,” అన్నాడు నాన్న. “చెప్పొద్దు.”

ఆమె తెర మావైపు తిప్పి, సరిచూసుకోమంది. బాధ్యులు అన్నచోట రెండు పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నాన్న లేచి, మెడ ఒక పక్కకు వంచి, ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వెళ్ళాడు. కొంతసేపు అలాగే ఉన్నాడు. తరువాత నా భుజం పట్టుకుని, ఆమెకు వినపడకుండా అడిగాడు.

“నిజంగానే రాసిందా?”

“రాసింది, అపా.”

“చదువు. నా పేరు, దాని ముందేముందో కూడా.”

బాధ్యులు అన్న మాటా, దాని కింద ఆయన పేరూ చదివాను. ఆయన నా మొహంలోకి అనుమానంగా చూస్తూ, ఇంకోసారి చదవమన్నాడు.