దొరకు జీతం

ఫలం కోరి చేసే ప్రార్థన ప్రార్థనేనా అన్న సందేహం నాకు ఏళ్లుగా ఉంది. పెద్దవాళ్లను అడిగితే నవ్వి ఊరుకున్నారు. చివరికి మా కుక్క పుణ్యమా అని అది మళ్లీ తలెత్తింది.

మా కుక్క పేరు దొర. పై వాటాలో ఉండే దర్జీ మెట్లెక్కుతుంటే చాలు, ఇల్లు ఎగిరిపోయేలా మొరిగేవాడు. "నెలాఖరులోగా దాని నోరు మూయించకపోతే ఓనరుతో చెప్పి దాన్ని బయటికి పంపించేస్తా" అని దర్జీ తెగేసి చెప్పాడు. ఆ రోజు నుంచి మా ఆవిడకు ముద్ద దిగలేదు.

కుక్కలకు శిక్షణ ఇచ్చే అమ్మాయిని పిలిపించాం. ఆమె ఓ మూల కూర్చుని కుక్కను వదిలేసి మమ్మల్నే గమనించింది. ఇంతలో మెట్ల మీద దర్జీ చెప్పుల చప్పుడు. దొర అందుకున్నాడు. నేను పరుగెత్తి, "ఊరుకో నాన్నా" అంటూ నోట్లో బిస్కెట్ పెట్టాను.

"బాగా నేర్పారండీ" అందామె.

"నేనేం నేర్పానమ్మా?"

"మొరిగితే బిస్కెట్ వస్తుందని."

మా ఆవిడ నన్ను చూసిన చూపు చెప్పనక్కర్లేదు.

"ఇకమీదట ఆయన వస్తుండగానే, మొరగకముందే ఇవ్వండి. తర్వాత ఆయన చేతే వేయించండి."

"లంచమే కదమ్మా అది?"

"జీతం అండీ. మీరు ఊరికే పనిచేస్తారా?"

"దేవుణ్ణి ఊరికేగా కొలుస్తున్నాను!"

"మోకాలి నొప్పి తగ్గించమని పొద్దున అడిగిందెవరో!" వంటింట్లోంచి మా ఆవిడ.

ఆ సాయంత్రమే మెట్ల దగ్గర దర్జీని ఆపి, దొరకు ఓ బిస్కెట్ వేయమని అడిగాను.

"నా మీద అరిచేదాన్ని నేను మేపాలా?" అని దర్జీ ఎగిరాడు. మా ఆవిడ వేడి కాఫీ చేతిలో పెట్టింది. తాగుతూ, విసుక్కుంటూ, ఓ బిస్కెట్ ముక్క విసిరాడు. మర్నాడు పిలవకుండానే ఆగాడు. కొన్నాళ్లకు ఆయన అడుగు వినగానే దొర గుమ్మంలో బుద్ధిగా కూర్చోవడం, కాఫీ వాసన తగలగానే దర్జీ చెప్పులు విడవడం మామూలైపోయాయి. శిక్షణ ఎవరికో నాకు అంతుపట్టలేదు.

నెలాఖరున దర్జీ సంచితో వచ్చాడు. దొర కిక్కురుమనలేదు.

"వీడెక్కడికీ పోనక్కర్లేదమ్మా" అని మా ఆవిడతో చెప్పి, నా వైపు తిరిగి నసిగాడు. "మీరు చొక్కా గుడ్డ ఇచ్చి ఆరేళ్లయిందేమో. కనబడినప్పుడల్లా మీరు అరిచేవారు, నేను తప్పించుకునేవాణ్ణి. ఇప్పుడు రోజూ కాఫీ తాగుతూ మీ మొహం చూడాలంటే సిగ్గేస్తోందండీ."

సంచిలోంచి ఆయన తీసిచ్చిన చొక్కా అక్కడే తొడుక్కున్నాను. పొట్ట దగ్గర బొత్తాలు కలవలేదు. ఊపిరి బిగబట్టి, క్షణం ఆలస్యం చేయకుండా, "భలే కుట్టారండీ!" అన్నాను.