ఆమె పేరున పుట్టిన జీతం

ఆస్ట్రేలియాలోని వయల్లా ఊళ్లో పాస్కో దంపతుల వంటింట్లో ఆ ఉదయం టీ కాగుతోంది. డారెల్ పాస్కో ఉక్కు ఫ్యాక్టరీలో వెల్డింగు తనిఖీ చేస్తాడు. ఏళ్ల తరబడి ఆ ఒక్క ఫ్యాక్టరీకే పనిచేస్తూ, గంటల లెక్కన డబ్బు తీసుకుంటున్నాడు. ఒంటిమీది చొక్కా కూడా వాళ్లదే. అయినా బండి తలుపు మీద "పాస్కో కంపెనీ" అని రాయించుకుని పెద్ద వ్యాపారినైపోయాననుకున్నాడు మహానుభావుడు! భార్య గ్లెనిస్‌ను అందులో డైరెక్టరును చేశాడు. సంతకం పెట్టమంటే ఆమె పెట్టింది. మొగుణ్ణి నమ్మకపోతే ఇంకెవరిని నమ్ముతుంది?

"పన్నుల ఆఫీసావిడ వస్తోంది. కంపెనీకి ఫోన్లు ఎత్తుతాననీ, బిల్లులు రాస్తాననీ చెప్పెయ్," అన్నాడు డారెల్, బిస్కెట్లు పళ్లెంలో సర్దుతూ.

"మనింటికి ఫోన్ చేసేది మీ అమ్మ ఒక్కర్తేగా!"

"వేళాకోళం ఆపు. అందరూ చేసేదే ఇది."

వచ్చిన అధికారి ఓర్లాండి నెమ్మదైన మనిషి. టీ తాగుతూనే డారెల్‌ను అడిగింది.

"మీ తనిఖీలో పొరపాటు జరిగితే నష్టం ఎవరిదండీ?"

"ఫ్యాక్టరీదే."

"మీకు జ్వరమొస్తే మీ కంపెనీ నుంచి ఇంకెవరు వెళ్తారు?"

డారెల్ బిస్కెట్ల పళ్లెం ఆవిడ ముందుకు జరిపాడు. ఆవిడ గ్లెనిస్ వైపు తిరిగింది.

"ఏటా ఈ సంపాదనలో సగం మీ జీతంగా చూపించారమ్మా. మీరు చేసే పనేమిటి?"

"నాకు జీతమా? కిందటేడు కూడానా?"

"కిందటేడు కూడానమ్మా."

కిందటేడే హోబార్ట్‌లో గ్లెనిస్ అక్క నోరీన్ చావుబతుకుల్లో ఉంది. విమానం టికెట్టుకు డబ్బిమ్మని మొగుణ్ణి బతిమాలితే, చేతిలో చిల్లిగవ్వ లేదన్నాడు. ఆమె నమ్మింది. అక్క కడచూపుకు కూడా నోచుకోలేదు. అప్పుడు కూడా కాగితం మీద ఆమెకు జీతం అందుతూనే ఉందన్నమాట! ఎంత మోసం!

డారెల్ కళ్లతోనే సైగ చేశాడు. ఆమె అటు చూడలేదు.

"నేను చేసిన పని సంతకం ఒక్కటేనండీ. ఒక్క డాలరు కూడా నా చేతికి రాలేదు."

"ఏమిటే ఇది? ఇల్లు కూల్చేస్తావా?"

"కూల్చింది ఆమె కాదండీ," అంది ఓర్లాండి, గొంతు పెంచకుండానే. "ఒక మనిషి తన ఒంటి కష్టంతో తెచ్చిన సంపాదన ఆ మనిషిదే. మధ్యలో కంపెనీని పెట్టినా, ఇల్లాలి పేరు రాసినా, చట్టం దాన్ని మీ ఆదాయంగానే చూస్తుంది. ఇన్నేళ్లూ తగ్గించి కట్టిన పన్ను తేడా మీరే కట్టాలి."

ఆవిడ వెళ్లిపోయాక డారెల్ తల పట్టుకున్నాడు. "సంపాదన రెండు పేర్ల మీద చూపితే పన్ను తగ్గుతుందనేగా! మనింటి కోసమేగా!"

"పన్ను కట్టేస్తే సర్కారు నిన్ను వదిలేస్తుంది, డారెల్," అంది గ్లెనిస్. "చచ్చిపోయిన మా అక్కను నాకు ఒక్కసారి చూపించు, నేనూ వదిలేస్తాను."