సాక్ష్యం ఎవరు చెప్పాలి

నాచారంలోని ఆ చిన్న ప్రార్థనా మందిరంలో ఏడాదికి ఒక్క ఆదివారం స్త్రీలది. ఆ రోజు ప్రసంగం, పాటలు, కానుకల సంచి అన్నీ ఆడవాళ్ల చేతుల్లోనే. మగవాళ్లు కుడివైపు చాపల మీద బుద్ధిగా కూర్చుని వినాలి. ఈసారి దేవుడు తనకు చేసిన మేలును సాక్ష్యంగా చెప్పే వంతు రెబెక్కాకు ఇస్తానని మార్తమ్మ టీచర్ మాట ఇచ్చింది. ఇంటర్ మధ్యలో పెళ్లై చదువు ఆగిపోయాక రెబెక్కాను నిలబెట్టి మాట్లాడమన్నవాళ్లు లేరు. నెలలు నిండకుండా పుట్టిన కొడుకు తేజేష్ దవాఖానాలో గాజుపెట్టెలో ఊపిరి కోసం కొట్టుకుంటుంటే తానెలా మోకాళ్ల మీద ఉండిపోయిందో చెప్పాలనుకుంది. గిన్నెలు తోముతూ, బట్టలారేస్తూ ఆ మాటలే నోట్లో తిప్పుకుంటోంది.

సరిగ్గా అప్పుడే ఆడబిడ్డ జెన్నిఫర్ అడ్డొచ్చింది. జెన్నిఫర్ యూనివర్సిటీలో ఫిలాసఫీ ఎం.ఏ. చదువుతోంది. ఆమె ఉప్పల్‌లో మెట్రో దిగి ఇంటికొచ్చిందంటే రెబెక్కా భర్త ఆరోన్ ఫోన్ పక్కనపెట్టి చెల్లెలి మాటలు వింటాడు. పెళ్లాం మాటలు మాత్రం ఫోన్ చూస్తూనే వింటాడు. అది చూసినప్పుడల్లా రెబెక్కాకు ఒళ్లు మండుతుంది.

బుధవారం మధ్యాహ్నం స్త్రీల కూడిక మార్తమ్మ ఇంట్లో జరిగింది. జెన్నిఫర్ స్వర్ణలతను వెంటబెట్టుకుని వచ్చింది. స్వర్ణలత అందరికీ తెలిసిన మనిషే. మొన్నమొన్నటిదాకా శాంసన్ అనే పేరుతో మగవాళ్ల వైపు కూర్చుని డోలక్ వాయించేది. ఇప్పుడు పారిశ్రామికవాడలో ప్యాకింగ్ పనికి చీర కట్టుకునే వెళ్తోంది. ఆదివారం సాక్ష్యం స్వర్ణలత చేత చెప్పిద్దామని జెన్నిఫర్ అనగానే ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

మార్తమ్మ ఒప్పుకోలేదు. ఆడవాళ్లు వేదిక ఎక్కకూడదన్న రోజుల్లో సంఘపెద్దలతో కొట్లాడి ఈ ఆదివారాన్ని సాధించిన మనిషి ఆమె. పెళ్లి చేసుకోలేదు. బడి, మందిరం తప్ప ఆమెకు మరో లోకం లేదు. స్వర్ణలత మీద తనకు కోపమేమీ లేదని, కానీ ఆడదాని కష్టం ఆడపుట్టుకతోనే మొదలవుతుందని అంది. నెలసరి నొప్పి మొదలు బస్సులో మీద పడే చేతులదాకా ఒంటితో మోసినవాళ్లదే ఆ వేదిక అంది.

జెన్నిఫర్ తన చదువంతా విప్పింది. ఆధునికోత్తర తత్త్వవేత్తల లెక్కలో స్త్రీ అన్నది ఒంట్లో వెతికితే దొరికేది కాదట. మాటలు, అలవాట్లు, చట్టాలు, ప్రసంగాలు అన్నీ కలిసి పోసిన అచ్చేనట. ఆ అచ్చు ఎవరు పోశారో అడగకుండా అదే నిజమని పట్టుకు వేలాడితే ఎలా అంది.

"అంత మాటల్తోనే అయితదంటున్నవ్," అంది మార్తమ్మ. "ఆడది అన్నదే ఒట్టి మాటైతే ఇన్నేండ్లు నేను ఎవరి కోసం కొట్లాడిన బిడ్డా?"

"మిమ్మల్ని వేదిక ఎక్కనియ్యంది గూడ గా ఒళ్లు జూపిచ్చే కదా టీచరమ్మా. ఆడదాని ఒళ్లు గిది, దాని జాగ గిది అన్నరు. మీరు గిప్పుడు గదే మాట ఈమెకు అంటున్నరు."

రెబెక్కా ఒళ్లో పిల్లాడి నుదురు తడిమి చూసింది. జ్వరం లేదు. మళ్లీ తడిమింది. వాళ్ల మాటల్లో సగం ఆమెకు అందలేదు. అందిన సగంలో ఎవరిది ఒప్పో తేల్చుకోవాలనీ లేదు. తన సాక్ష్యం చేజారిపోతోంది, అంతే. అంతకన్నా మంట పుట్టించింది మరొకటుంది. స్వర్ణలత ఆడదా కాదా అని ఇంతమంది ఇంతసేపు వాదించుకుంటున్నారు. రెబెక్కా ఆడదేనని అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు, చదువు మాన్పించినప్పుడూ, పెళ్లి కుదిర్చినప్పుడూ. ఈమె మాత్రం తన పేరు తానే పెట్టుకుని, మడత నలగని చీరలో గోడకానుకుని కూర్చుంది. రెబెక్కాకు అసూయ పుట్టింది.

"కన్నోళ్లే చెప్పాలె," అంది గట్టిగా. "కడుపు కోయిపిచ్చుకుని పాలిచ్చినోళ్లే ఆడోళ్లు. మిగిలినోళ్లకు ఏం తెలుస్తది?"

జెన్నిఫర్‌నూ స్వర్ణలతనూ ఒక్క దెబ్బకు పడగొట్టాననుకుంది. కానీ అందరూ మార్తమ్మ వైపు చూశారు. తన రాయి పోయి ఎవరికి తగిలిందో రెబెక్కాకు అప్పుడు తెలిసింది.

మార్తమ్మ కొంగు నెత్తి మీదికి సర్దుకుంది. "గట్లయితే నేను గూడ లేసి అవతల కూసుంట తియ్," అంది నెమ్మదిగా.

రెబెక్కా క్షమించమనబోయి ఏడ్చేసింది. ఆ ఏడుపుతోపాటు లోపల దాచుకున్నదీ బయటపడింది.

"మీ మీద గాదు టీచరమ్మా. అందరు ఈమె గురించే మాట్లాడవట్టిరి. నా గురించి గింతసేపు ఎవరన్న మాట్లాడిన్రా ఎప్పుడన్న?"

అప్పటిదాకా నోరు విప్పని స్వర్ణలత నవ్వింది. "మస్తు మంచిగుంటదనుకున్నవా చెల్లె? దా, నా జాగల కూసో. నువ్వు ఎవరివో నీ ముంగటనే తేలుస్తుంటే, చాయ్ తాక్కుంట విను."

తర్వాత మార్తమ్మ వైపు తిరిగి, సాక్ష్యం చెప్తానని తాను ఎవరినీ అడగలేదని చెప్పింది. ఆడవాళ్ల వైపు చాప మీద ఇంత చోటిప్పించమని మాత్రమే అడిగిందట. ఆ పైదంతా జెన్నిఫర్ కలిపిందేనట. జెన్నిఫర్ ముఖం చిన్నబోయింది. ముక్కు తుడుచుకుంటున్న రెబెక్కాకు అది చూసి కాస్త హాయనిపించింది.

మార్తమ్మ, ఇచ్చిన మాట ప్రకారం సాక్ష్యం రెబెక్కాదే అంది. స్వర్ణలత వచ్చి ఆడవాళ్ల వైపే కూర్చోవచ్చు. పుట్టుక సంగతిలో జెన్నిఫర్‌తో తన పంచాయితీ మాత్రం ఇంకా తెగలేదంది. కన్నవాళ్లే ఆడవాళ్లన్న ముక్క వేదిక మీద వినపడితే మైకు లాక్కుంటానని కూడా చెప్పింది. రెబెక్కా తలూపింది. ఆమె కూర్చుకున్న సాక్ష్యమంతా ఆ ముక్క చుట్టూనే తిరుగుతోంది. మళ్లీ మొదటినుంచి అల్లుకోవాలి.

కూడిక ముగిసి సందులోకి వచ్చేసరికి జెన్నిఫర్, స్వర్ణలత ముందు నడుస్తున్నారు. జెన్నిఫర్ తప్పు ఒప్పుకుంటోందో, మళ్లీ వాదన ఎత్తుకుందో తెలియలేదు. స్వర్ణలత ఏదో అంది. ఇద్దరూ భుజాలు ఒరుసుకుంటూ నవ్వారు. గెలిచింది రెబెక్కాయే. 'వదినా, రా' అని జెన్నిఫర్ వెనక్కి తిరిగి పిలుస్తుందేమోనని చూసింది. పిలవలేదు. ఎండ తగలకుండా పిల్లాడి తల మీద కొంగు కప్పి, ఆ మాటేమిటో వినిపించేంత దగ్గరికి చేరాలని గబగబా అడుగులు వేసింది.