ఉప్పు పట్నం

వినోద నాలుగేళ్లు కూర్చుని ఒక దేశాన్ని ఊహించి రాసింది. అందులోని పట్నంలో గోడలు, వంతెనలు, ఇళ్లు అన్నీ ఉప్పుతో కట్టినవే. అక్కడ రాక్షసులు లేరు. అందరూ భయపడేది వానకే. హన్మకొండలో భూగోళం చెప్పే లెక్చరర్ ఆమె. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇంటి మేడ మీద జాన్సన్, అనూష, కుమారస్వామితో కలిపి నలుగురు మిత్రులు ఆ దేశంలో ఆడేవారు. ఒక్కొక్కరిది ఒక్కో పాత్ర. ఏం చేస్తారో వాళ్లు చెబితే, ఏం జరిగిందో పాచికలు వేసి ఆమె చెప్పేది.

ఈ వేసవిలో జాన్సన్ తన సొంత ఆట మొదలుపెట్టాడు. కాజీపేటలో ఫ్లెక్సీలు ప్రింట్ చేస్తాడతను. అరవై అట్టముక్కలు చేశాడు. ఒక్కోదాని మీద ఒక ఊరో, అడవో, కోటో. దేన్ని దేని పక్కనైనా పెట్టొచ్చు. వారానికో కొత్త లోకం.

"చదువుకునేదేం లేదక్కా. వచ్చి కూసునుడే," అన్నాడు.

వినోద ఆటలో చేరాలంటే ముందు ముప్పై పేజీలు చదవాలి. నెల తిరిగేసరికి మేడ మీదికి ఎవరూ రావడం లేదు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చే కుమారస్వామి కూడా కాజీపేటలో రైలు దిగి అక్కడే ఆగిపోతున్నాడు.

వాళ్లు గ్రూపులో పెట్టిన ఫొటోలను వినోద పెద్దవి చేసి మరీ చూసేది. తన ఆటలో అనూష ఎప్పుడైనా అలా నవ్విందా? ఆ అడవులు ఎవరు గీసినా అలాగే ఉంటాయి, అనుకునేది. అయినా కడుపుమంట తగ్గలేదు.

ఒకరోజు జాన్సనే ఫోన్ చేశాడు. "అక్కా, నీ ఉప్పు పట్నం నాకియ్యరాదూ? నా దాంట్ల అన్నీ ఒక్కతీర్గనే ఉంటానయి."

ఇవ్వనని చెప్పబోయి ఆగింది. "ఇస్త. కానీ నది పక్కకే పెట్టాలె."

పట్నం కరిగిపోతే, ఏ ముక్కనైనా ఎక్కడైనా పెట్టొచ్చన్న అతని గొప్ప అందరి ముందే పోతుందని ఆమె ఆశ. చూడ్డానికి ఆ ఆదివారం తనూ కాజీపేట వెళ్లింది.

జాన్సన్ పాచికలు వేశాడు. నదికి వరద. కోటగోడ సగం కరిగింది.

"ఇగ పట్నం పోయినట్టే," అన్నాడు కుమారస్వామి.

అనూష లేచి నిలబడింది. "గోడలు పోతే పోనియ్. మనుషులను బయటికి తీద్దాం. ఇంటికో ఉప్పురాయి పట్టుకోవాలె. పొడి నేల దొరికినకాడ మల్ల కడదాం."

గంటసేపు ఎవరూ ఫోన్ ముట్టలేదు. ఒక ముసలమ్మ రాయి చేతిలోనే కరిగిపోయిందని జాన్సన్ చెబితే, కుమారస్వామి తన రాయిని సగం విరిచి ఆమెకిచ్చానన్నాడు.

వినోద మేడ మీద ఇలాంటిది ఒక్కసారీ జరగలేదు. అక్కడ పాచికలు ఎలా పడ్డా, వాన ఎప్పుడొస్తుందో, ఎవరు బతుకుతారో ఆమె ముందే రాసిపెట్టేది. తన పట్నం, ఇంకొకరి నోట, ఈ అట్టముక్కల మధ్య ప్రాణం పోసుకుంది. ఆమె ముందటికన్నా ఎక్కువ కుళ్లుకుంది.

"అక్కా, ఆ పొడి నేల ఎట్లుంటది? నాకు తెల్వది, నువ్వే చెప్పు," అన్నాడు జాన్సన్.

"జర లే. నీ కుర్చీల నేను కూసుంట."

అతను లేచాడు. పాచికలు ఇంకా అతని చేతి వేడితో ఉన్నాయి. అది కూడా ఆమెకు నచ్చలేదు. చెప్పడానికి నోరు తెరిచి, ఆగి, అనూష వైపు తిరిగింది.

"ముందుగాల నువ్వు చెప్పు. ఆడ మీకేం కనబడ్తాంది?"