మా అత్త వేసిన అతుకులు

మా అత్తకి పాము చెవులు. వంటింట్లో నేను గ్లాసు కింద పెట్టిన చప్పుడుని బట్టి నాకు కోపం వచ్చిందో లేదో షెడ్డులో కూర్చునే చెప్పేస్తుంది. కాపురానికొచ్చిన కొత్తలో భయపడ్డాను, తరవాత విసుక్కున్నాను, ఆ తరవాత కోపమొచ్చినప్పుడల్లా గ్లాసు గట్టిగానే పెట్టడం మొదలుపెట్టాను. ఎలాగూ తెలిసిపోయేదానికి దాపరికం ఎందుకు?

ముందు షెడ్డు, వెనక ఇల్లు. పాత కార్ల రేకు పని మాది. వెల్డింగ్ పెట్టి అతికేది అత్త, ఆ అతుకుని గ్రైండరుతో, ఆకురాయితో సాపు చేసేది నేను, రంగు కొట్టేది మా ఆయన. వెల్డింగ్ గన్ను మాత్రం ఆవిడ ఏనాడూ నా చేతికివ్వలేదు. అడిగితే నీకు ఓపిక లేదు పిల్లా అనేది. నాకు ముక్కు మీద కోపమన్న మాట నిజమే. కానీ ఓపిక లేనిదాన్నయితే ఇన్నేళ్ళుగా ఆవిడ ముద్దలు అరగదీస్తూ కూర్చుంటానా?

అవును, ముద్దలే. వేరే షెడ్ల వాళ్ళు వెల్డింగ్ పెడితే జడ అల్లినట్టు వరసగా వస్తుంది. మా అత్తది కాకి రెట్ట వేసినట్టు ఇక్కడొకటి, అక్కడొకటి. ఆ మాట ఆవిడ మొహం మీదే అనేదాన్ని. నువ్వున్నావుగా గీకడానికి, అని నవ్వేది.

ఈమధ్య అత్త చూపు మందగించింది. ఇక ఆ వెల్డింగ్ వెలుగు జోలికి పోతే ఉన్న చూపు కూడా పోతుందని కంటి డాక్టరు తెగేసి చెప్పాడు. ఆవిడ ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, వెల్డింగ్ మెషిన్ అమ్మేద్దాం అంది. పక్క వీధిలో గేట్లు చేసే అతను వచ్చి పట్టుకుపోతానన్నాడు. అది పోతే షెడ్డులో మిగిలేది గీకుడూ పూతా. నేను నేర్చుకుంటానని భోజనాల దగ్గర అన్నాను. అత్త విననట్టు మంచినీళ్ళు తాగింది. ఆ చెవులకి ఒక మాట వినపడకపోవడం అదే మొదటిసారి.

చూపు ఆనని దానికి కారెందుకని, తన పాత కారుని కూతురికి ఇచ్చేసింది. మా ఆడపడుచు పుచ్చుకుంటూనే ఒక మాట అంది. బానెట్ ఎత్తితే ఆ ముద్దలు కనపడి పరువు పోతోందట, నున్నగా చేయించి రంగు కొట్టించాలట. నేను రోజూ అనేదే అయినా, కన్నకూతురి నోట వింటే నాకే చివుక్కుమంది. మెషిన్ తీసుకుపోయే అతను సాయంత్రం వస్తాడనగా ఆ మధ్యాహ్నం అత్త, "నా ముద్దలన్నీ తీసెయ్ అమ్మాయ్" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంజిన్ అప్పటికే పైకి తీసేశాం. ఖాళీ గుంతలోకి నడుం దాకా వంగి, బ్యాటరీ కూర్చునే పళ్ళెం దగ్గర మొదలుపెట్టాను. ఎన్నో ఏళ్ళ కిందట బ్యాటరీలోంచి యాసిడ్ కారి అక్కడి రేకుని తినేస్తే అత్త కొత్త ముక్క వేసి అతికిన చోటది. దాన్ని ఆనుకునే ముందు చక్రం స్ప్రింగుని మోసే ఇనప గిన్నె ఉంది. ఆ మూల కారు బరువంతా దాని మీదే.

ఊళ్ళో వాళ్ళ కార్లకైతే గట్టి రేకు దొరికేదాకా కోసిగానీ మా అత్త అతకదు. ఇక్కడ కోస్తే గిన్నె ఊడి చేతికొస్తుంది. అందుకని కోయకుండా, మిగిలిన పాత రేకుకే అతికింది. మొదటి ముద్ద అరిగేసరికి పక్కనున్న రేకు అంచు బయటపడింది. దీపం దగ్గరికి లాక్కుని చూశాను. కాగితమంత ఉంది. అలాంటి రేకుకి నిప్పు తగిలితే ఎగిరిపోవాలి. ఈవిడ దాని మీద ఇనుముని కరిగించి నిలబెట్టింది. ఇంకో ముద్ద అరగదీశాను, ఇంకోటి. ఎక్కడా సూది బెజ్జం లేదు, మసి పొర లేదు. లోపలంతా ఒకటే మెరుపు.

అప్పుడు తెలిసింది నాకు, ఆ ముద్దలు అలా ఎందుకున్నాయో. వేడి ఒకచోట పోగుపడితే రేకు చిరుగుతుంది. ఇక్కడ ఒక చుక్క పెట్టి, అది చల్లారేలోపు ఎక్కడో అవతల ఇంకో చుక్క పెట్టి, మళ్ళీ ఇటొచ్చి, ఇలా చుక్క చుక్కగా కూడబెట్టింది. జడ అల్లినట్టు అల్లే వాళ్ళెవరికీ ఇది సాధ్యం కాదు. ఇన్నేళ్ళూ నేను కాకి రెట్టలన్నది వీటినా?

ఆ ముచ్చటలోనే కొంప ముంచుకున్నాను. అంత పల్చటి రేకు మీద ఇదెంత లోతుకి దిగిందో చూద్దామని ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ డిస్కు ఆనించాను. గ్రైండరు గొంతు ఒక్కసారి మారింది. తీసి చూస్తే గిన్నె పక్కనే చిటికెన వేలు దూరేంత చిల్లు.

లోపల్నించి అత్త గొంతు వినపడింది. "రేకు చిరిగిందా?"

మా ఆయన అప్పటికే పుట్టీ డబ్బా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. పూసి రంగు కొట్టేస్తే దేవుడికి కూడా తెలీదని గొణిగాడు. దేవుడి సంగతి సరే, రోడ్డు మీద గుంటలో చక్రం పడ్డ రోజున నీ చెల్లెలికి తెలుస్తుంది అన్నాను. గేట్ల అతన్ని పిలుద్దామంటే, అతని చెయ్యి మందపాటి ఇనుముకి అలవాటు. చిల్లుని కిటికీ చేసి పోతాడు.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని సామెత. నాకు పడబోయే తిట్లన్నీ ముందే లెక్కేసుకుని నిలబడ్డాను. అత్త గోడ పట్టుకుంటూ వచ్చి, చిల్లు చుట్టూ వేలితో తడిమింది.

"ఇది నేను ముట్టుకున్నప్పుడే చిరగాల్సిన రేకు. నీ తప్పేం లేదు. మెషిన్ ఆన్ చెయ్."

ఎవరు పెడతారని అడిగాను. అత్త తన వెల్డింగ్ మాస్కు నా తలకి తొడిగి, వదులుగా ఉంటే వెనక బిగించింది. చిల్లు వెనక రాగి ముక్క ఆనించమంది, రాగికి ఇనుము అంటుకోదట. తరవాత స్టూలు లాక్కుని, కారుకి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంది. గోడ మీద పడే వెలుగు కూడా తగలకుండా కళ్ళకి తువ్వాలు కట్టుకుంది. కానీయ్ అంది.

గన్ను నొక్కాను. చిటపటమని నిప్పులు లేచాయి.

"దూరంగా ఉన్నావు. దగ్గరికి రా" అంది గోడవైపు నుంచి.

దగ్గరికి జరిగాను. చప్పుడు చిక్కబడింది, తడి ఆకు కాగిన నూనెలో పడ్డట్టు. అదీ, అంది. అంతలోనే ఆగమంది. ఆపి, మాస్కు ఎత్తి చూస్తే రేకు ఎర్రగా, ఇంకొక్క క్షణమైతే జారిపోయేలా ఉంది. ఇటు ఆగు, అటు పెట్టు, చెయ్యి వంచు, ఊపిరి బిగబట్టకు. ఒక్కటీ తప్పలేదు. కళ్ళకి గంతలు కట్టుకున్న మనిషి నా చేతిలోని నిప్పుని నాకంటే బాగా చూస్తోంది. ఎరుపు తగ్గిందని ఎలా తెలుస్తోందని అడగకుండా ఉండలేకపోయాను.

"చల్లారే రేకు టిక్కుమంటుంది. వినపడదా?"

ఊపిరి ఆపి విన్నాను. ముందు ఏమీ లేదు. తరవాత, సన్నగా, టిక్కుమంది. ఇన్నేళ్ళూ ఆ షెడ్డులోనే ఉండి నేనెప్పుడూ వినని చప్పుడు.

చిల్లు మూసుకునేసరికి వీధిలో బండి ఆగింది. గేట్ల అతను. అత్త తువ్వాలు విప్పకుండానే కొడుకుని పిలిచి, "మెషిన్ ఖాళీగా లేదని చెప్పు" అంది.

అత్త లేచి వచ్చి, రేకు చల్లారిందని తేల్చుకుని, నా అతుకు మీద వేలు పెట్టింది. నేనేసిందీ ముద్దే, ఆవిడ వాటికంటే పెద్ద ముద్ద. సిగ్గేసి గ్రైండరు అందుకున్నాను. ముందు దీన్ని తీసేస్తాను, మీ ముద్దల జోలికి మాత్రం ఇక పోను, మీ అమ్మాయికి నేనే చెప్పుకుంటాను అన్నాను.

"అయితే నీదీ ఉండనీ. సర్వీసుకి ఇక్కడికేగా తెచ్చేది. బానెట్ ఎత్తినప్పుడల్లా నిన్ను దెప్పడానికి నాకూ ఒకటి ఉండొద్దూ?"

గ్రైండరు ప్లగ్గు పీకేసి మొహం కడుక్కోవడానికి లోపలికొచ్చాను. వంటింట్లో కాసిని మంచినీళ్ళు తాగి, ఎవరికీ వినపడకూడదని గ్లాసు మెల్లిగా, చాలా మెల్లిగా కింద పెట్టాను.

షెడ్డులోంచి అత్త అడిగింది. "ఏంటమ్మాయ్, ఏడుస్తున్నావా?"